ఎర్రమచ్చల వెనక కడుపునొప్పి



1802లో లండన్‌లో ఒక వైద్యగ్రంథం అచ్చయింది. రాసినవారు డాక్టర్ విలియం హెబర్డెన్. పుస్తకం బయటికొచ్చేనాటికి ఆయన లేరు. అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. ఏళ్ళ తరబడి రోగులను చూస్తూ రాసుకున్న అనుభవాల పుస్తకం అది. అందులో ఒక అయిదేళ్ళ బాబు కనిపిస్తాడు. ఆ బాబుకి ఒంట్లో అక్కడక్కడా నొప్పులు, వాపులు. ఉండి ఉండి కడుపునొప్పి, దానితో వాంతులు. మలంలో నెత్తుటి చారలు. మూత్రంలోనూ నెత్తురు. కాలి చర్మం నిండా నెత్తుటి చుక్కలు.

కీళ్ళు, కడుపు, మూత్రం, చర్మం. నాలుగు చోట్ల నాలుగు బాధలు. జబ్బు మాత్రం ఒక్కటే.

హెబర్డెన్ దానికి పేరు పెట్టలేదు. 1837లో జర్మనీ వైద్యుడు యోహాన్ షోన్‌లైన్ ఈ మచ్చలకీ కీళ్ళనొప్పులకీ సంబంధం ఉందని చెప్పారు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ హెనాక్ బెర్లిన్‌లో పిల్లల వైద్యుడు. 1874లో ఆయన నలుగురు పిల్లల గురించి రాశారు. ఆ నలుగురికీ మచ్చలతో పాటు మెలిపెట్టే కడుపునొప్పి, పేగుల్లో రక్తస్రావం ఉన్నాయి. అలా గురుశిష్యులిద్దరి పేర్లూ కలిసి ఇది హెనాక్ షోన్‌లైన్ పర్పురా అయింది. 2012లో నిపుణులు కూర్చుని ఐజీఏ వాస్కులైటిస్ అని కొత్త పేరు ఖాయం చేశారు. ఆస్పత్రి చీటీ మీద హెచ్.ఎస్.పి. అని ఉన్నా, ఐజీఏ వాస్కులైటిస్ అని ఉన్నా రెండూ ఒకటే.

పిల్లల్లో వచ్చే రక్తనాళాల వాపు జబ్బులలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఏడాదికి లక్షమంది పిల్లల్లో పది నుంచి ఇరవై మందికి వస్తుంది. మూడేళ్ళు దాటిన దగ్గర్నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లోనే ఎక్కువ. వీళ్ళలో చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఈ ధైర్యం ముందే చెప్పుకోవాలి. ఈ ప్రసంగం మాత్రం మిగతా కొద్దిమంది గురించి. జబ్బు పేగుకి చేరి, సర్జన్ చేతికి వెళ్ళాల్సి వచ్చే పిల్లల గురించి. ఆ కొద్దిమందిని వేళకి గుర్తుపట్టగలిగేది ఇంట్లో ఉన్నవాళ్ళే. అందుకే ఈ మాటలు ఆస్పత్రి కన్నా ముందు ఇంటికి చేరాలి.

జబ్బు ఎలా మొదలవుతుందో చూద్దాం. చాలాసార్లు ముందు మామూలు జలుబు, గొంతునొప్పి. అది తగ్గి వారం పది రోజులవుతుంది. పిల్లవాడు మళ్ళీ బడికి వెళుతుంటాడు. ఆ జలుబుతో పోరాడటానికి శరీరం తయారు చేసుకున్న ఐజీఏ అనే రక్షక పదార్థం కొందరు పిల్లల్లో దారి తప్పుతుంది. సన్నసన్నటి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. గోడలు వాస్తాయి. వాచిన గోడల్లోంచి రక్తం బయటికి ఊరుతుంది. చర్మంలో ఊరితే మచ్చ. కీలు దగ్గర వాపు వస్తే నొప్పి. మూత్రపిండానికి సోకితే మూత్రంలో రక్తం. పేగు గోడలో ఊరితే కడుపునొప్పి. ఎక్కడ చూసినా జరిగేది ఒకటే: సన్నటి నాళాలు వాచి, రక్తం ఊరడం.

ఒక సాయంత్రం అమ్మ పిల్లవాడి మేజోళ్ళు విప్పుతుంది. చీలమండల దగ్గర ఎర్రటి చుక్కలు. దోమలు కుట్టాయేమో అనుకుంటుంది. తెల్లారేసరికి అవి పిక్కల మీదికి, తొడల మీదికి, పిరుదుల మీదికి పాకుతాయి. కొన్ని ఊదారంగుకి తిరుగుతాయి. చేత్తో తడిమితే చర్మం మీద కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. అప్పుడు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. శుభ్రమైన గాజు గ్లాసు తీసుకుని మచ్చ మీద మెల్లగా నొక్కి, గాజులోంచి చూడాలి. మామూలు దద్దురైతే నొక్కినప్పుడు పాలిపోతుంది. ఇది పాలిపోదు. నెత్తురు నాళం దాటి బయటికొచ్చేసింది కనుక, ఎంత నొక్కినా ఆ ఎరుపు అలాగే ఉంటుంది. నొక్కినా పోని మచ్చ ఏదైనా సరే, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. దానికి తోడు జ్వరం ఎక్కువగా ఉండి, పిల్లవాడు మగతగా ఉంటే, మచ్చలు గంట గంటకీ పెరుగుతుంటే, అది ఇంకో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వానాకాలం వచ్చిందంటే ఎర్రమచ్చ చూడగానే అందరి నోటా డెంగీ మాటే. ప్లేట్‌లెట్లు పడిపోయాయేమోనని పరుగులు. పరీక్ష చేయించడం మంచిదే. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఐజీఏ వాస్కులైటిస్‌లో అవి మామూలుగానే ఉంటాయి, కొన్నిసార్లు ఎక్కువగా కూడా ఉంటాయి. అక్కడే ఒక పొరపాటు జరగడానికి ఆస్కారముంది. ప్లేట్‌లెట్లు బాగున్నాయి, డెంగీ కాదు అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వేడి చేసిందిలే అని మజ్జిగ తాగించి ఊరుకుంటారు. డెంగీ కాకపోతే మరి ఈ మచ్చలేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రశ్న డాక్టరుని అడగాలి.

ఇక కడుపు సంగతి. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సగానికి పైగా కడుపునొప్పి అంటారు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వస్తుంది. అన్నం తిన్నాక ఎక్కువవుతుంది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. చాలామందిలో ఇది పేగు గోడ వాపు వల్ల వచ్చే నొప్పి మాత్రమే. మందులతో, విశ్రాంతితో సర్దుకుంటుంది. కాని నూటికి ముగ్గురు నలుగురిలో కథ అక్కడితో ఆగదు.

పేగు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఆహారాన్ని ముందుకు నెడుతూ అలలు అలలుగా ముడుచుకుంటుంది. దాని గోడలో ఒకచోట రక్తం ఊరి గడ్డలా ఉబ్బితే, కదిలే పేగు ఆ ఉబ్బునూ ఆహారం అనుకుని ముందుకు నెడుతుంది. ఉబ్బు ముందుకు కదులుతూ తన వెనకున్న పేగునీ లాక్కుపోతుంది. విప్పే తొందరలో చొక్కా చెయ్యి తనలోకి తనే మడత పడి దూరిపోయినట్టు, పేగు పక్క పేగులోకి దూరిపోతుంది. దీన్నే వైద్యులు ఇంటస్‌ససెప్షన్ అంటారు. లోపలికి దూరిన పేగుతో పాటు దానికి రక్తం తెచ్చే నాళాలూ నలిగిపోతాయి. ముందు వాపు పెరుగుతుంది. తర్వాత రక్తప్రసరణ తగ్గుతుంది. అలాగే వదిలేస్తే ఆ ముక్క కుళ్ళిపోతుంది, చిల్లు పడుతుంది.

ఈ స్థితిని ఇంట్లో ఎలా పసిగట్టాలి? ఈ మాటలు జాగ్రత్తగా వినండి. వచ్చీపోయే కడుపునొప్పి కాస్తా తెరిపి లేకుండా పట్టుకోవడం. నొప్పికి పిల్లవాడు కాళ్ళు పొట్టలోకి ముడుచుకోవడం. పసరు వాంతులు, అంటే ఆకుపచ్చగా అయ్యే వాంతులు. మలంలో నెత్తురు, జిగురు. పొట్ట ఉబ్బి గట్టిపడటం. మనిషి పాలిపోయి సోలిపోవడం. ఇవన్నీ కలిసి రావాలని లేదు. మరొక్కసారి: తెరిపి లేని నొప్పి, పసరు వాంతి, నెత్తుటి మలం, ఉబ్బిన పొట్ట. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి. రాత్రయిందని తెల్లవారేదాకా చూడకూడదు.

ఆస్పత్రిలో మొదట చేసేది అల్ట్రాసౌండ్ స్కానింగ్. నొప్పి ఉండదు, సూది ఉండదు. పొట్ట మీద చల్లటి జెల్ రాసి యంత్రాన్ని ఆనిస్తారు. పేగులో పేగు దూరి ఉంటే తెర మీద వలయం లోపల వలయం కనిపిస్తుంది. అనుభవమున్న కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. నెలల పసిపిల్లల్లోనూ ఇంటస్‌ససెప్షన్ వస్తుంది. వాళ్ళలో చాలావరకు చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి దూరుతుంది. మలద్వారం నుంచి గాలి గాని, సెలైన్ గాని మెల్లగా ఒత్తిడితో ఎక్కిస్తే, అది పెద్దపేగు గుండా వెళ్ళి దూరిన భాగాన్ని వెనక్కి నెట్టేస్తుంది. కత్తి లేకుండానే పని అయిపోతుంది. డెన్మార్క్ వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ ఇలా నీటి ఒత్తిడితో సరిచేసే పద్ధతిని 1876లోనే లోకానికి వివరించారు. ఐజీఏ వాస్కులైటిస్ పిల్లల్లో ఇది అంత తేలిక కాదు. వీళ్ళలో సుమారు సగం మందికి చిన్నపేగు చిన్నపేగులోకే దూరుతుంది. ఆ చోటు లోలోపల ఉంటుంది. కింది నుంచి ఎక్కించిన గాలి అంతదాకా చేరదు. వీళ్ళలో ఆపరేషన్ అవసరం ఎక్కువ పడటానికి ఇదొక ముఖ్య కారణం. చిన్నపేగులో కొద్దిపాటి మేర దూరినది కొన్నిసార్లు దానంతట అదే విడిపోతుంది కూడా. అప్పుడు డాక్టర్లు పిల్లవాడిని ఆస్పత్రిలోనే ఉంచుకుని, మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి చూస్తారు. ఇంకా ఎందుకు ఆపరేషన్ చేయలేదని ఆదుర్దా పడనక్కర్లేదు. అలా కనిపెట్టి ఉండటం కూడా వైద్యమే.

విడిపోకపోతే, లేదా పేగు దెబ్బతింటున్నదని అనుమానం వస్తే, ఆపరేషన్. 1871లో లండన్‌లో సర్జన్ జొనాథన్ హచిన్సన్ రెండేళ్ళ పాపకి పొట్ట తెరిచి, దూరిన పేగును విడదీసి ఆ పాపను బతికించారు. ఇంటస్‌ససెప్షన్‌కి విజయవంతమైన ఆపరేషన్లలో మొదటిదిగా దాన్ని చెబుతారు. నేటి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఆ పని మూలసూత్రం మారలేదు. సర్జన్ దూరిన పేగును పట్టుకుని లాగరు. లాగితే చిరుగుతుంది. అవతలి కొస నుంచి, వేళ్ళతో మెల్లమెల్లగా పిండుతూ వెనక్కి నెడతారు. అంగుళం అంగుళం పేగు బయటికొస్తుంది. వచ్చిన పేగు నీలంగా, నల్లగా కమిలిపోయి ఉంటుంది.

అప్పుడు చేసే పని ఎదురుచూడటం. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డను ఆ పేగు చుట్టూ కప్పుతారు. కొన్ని నిమిషాలు ఆగుతారు. గుడ్డ తీసి చూస్తారు. రంగు గులాబీకి తిరుగుతోందా? ఆ భాగానికి వెళ్ళే నాళం కొట్టుకుంటోందా? వేలితో తాకితే పేగు ముడుచుకుంటోందా? అవునంటే పేగు బతికింది. దాన్ని యథాస్థానంలో పెట్టి పొట్ట కుట్టేస్తారు. నలుపు అలాగే ఉంటే, ఆ ముక్క కోసేసి రెండు కొసలనూ కలిపి కుడతారు. నొప్పి మొదలయ్యాక ఎంత త్వరగా ఆస్పత్రికి వస్తే, పేగు కోయాల్సిన అవసరం అంత తగ్గుతుంది. ఇది మళ్ళీ చెప్పదగ్గ మాట: త్వరగా వస్తే, పేగు దక్కే అవకాశం ఎక్కువ.

ఇంటస్‌ససెప్షన్ ఒక్కటే కాదు. అరుదుగా వాచిన పేగు గోడకి చిల్లు పడవచ్చు. రక్తప్రసరణ ఆగి కొంత భాగం చచ్చుబడవచ్చు. రక్తస్రావం ఆగకపోవచ్చు. జబ్బు తగ్గాక కొన్నాళ్ళకి, మానిన చోట పేగు సన్నబడి దారి ఇరుకు కావచ్చు. ఇవన్నీ అరుదే. ఆపరేషన్ మాత్రం వీటికీ అవసరం పడుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆపరేషన్ అక్కర్లేని పిల్లవాడికి ఆపరేషన్ చేసే ప్రమాదం. పేరుపొందిన వైద్యుడు విలియం ఆస్లర్ కొన్నేళ్ళపాటు ఈ మచ్చల జబ్బులో వచ్చే కడుపునొప్పులను గమనించారు. శస్త్రవైద్యులకు వీటి ప్రాముఖ్యం ఏమిటో చెబుతూ 1904లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. నొప్పి అచ్చం అపెండిసైటిస్‌లా ఉంటుంది. పొట్ట తెరిస్తే అపెండిక్స్ బాగానే ఉంటుంది, వాచింది పేగు గోడ. పది మంది పిల్లల్లో ఒకరిద్దరికి మచ్చల కన్నా కడుపునొప్పే ముందు రావడం దీన్ని మరింత చిక్కుగా చేస్తుంది. మచ్చలు కొన్ని రోజుల తర్వాత గాని బయటపడవు. మగపిల్లల్లో కొందరికి వృషణాలు వాచి, అక్కడ మెలిక పడిందేమో అన్న అనుమానం కూడా వస్తుంది.

కనుక సర్జన్ ముందున్న పని కష్టమైనది. తొందరపడి కోస్తే అనవసరపు గాయం. ఆలస్యం చేస్తే పేగు పోతుంది. స్కాన్ మళ్ళీ చేయడం, పొట్టను కొన్ని గంటలకోసారి చేత్తో తడిమి చూడటం, రాత్రి డ్యూటీ డాక్టరు మారినా పగటి సంగతులు చేరవేయడం, ఇవే ఆ రెండు ప్రమాదాల మధ్య పిల్లవాడిని కాపాడతాయి. ఇందులో తల్లిదండ్రుల పాత్ర చిన్నదేమీ కాదు. కడుపునొప్పితో వెళ్ళినప్పుడు, నాలుగు రోజుల కిందటి చీలమండ మచ్చల గురించి చెప్పండి. అంతకు ముందు వచ్చిన జలుబు గురించి చెప్పండి. మోకాలు నొప్పని కుంటుతూ నడిచాడని చెప్పండి. మచ్చలు కనపడిన రోజే ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. వెలిసిపోయిన మచ్చను మాటల్లో వర్ణించడం కష్టం. ఫోటో చూస్తే డాక్టరుకి దారి దొరుకుతుంది.

మందుల సంగతి. కడుపునొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు డాక్టర్లు స్టిరాయిడ్లు ఇస్తారు. ఫిన్లాండ్‌లో 171 మంది పిల్లల మీద చేసి, 2006లో ప్రకటించిన అధ్యయనంలో ప్రెడ్నిసోన్ కడుపునొప్పినీ కీళ్ళనొప్పినీ తగ్గించింది. మూత్రపిండాల జబ్బు రాకుండా మాత్రం ఆపలేకపోయింది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్టిరాయిడ్ నొప్పిని అణచిపెట్టినప్పుడు, లోపల పేగుకి చిల్లు పడినా పైకి వెంటనే తెలియకపోవచ్చు. అందుకే ఈ మందు వైద్యుల కళ్ళెదుట, వాళ్ళు చెప్పిన మోతాదులోనే వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదిది.

ఇంట్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. కడుపునొప్పి అనగానే నులిపురుగులని భేది మందు వేయకండి. ఆముదం పట్టకండి. సొంతంగా నొప్పి మాత్రలు ఇవ్వకండి. వాటిలో కొన్ని పేగుల్లో రక్తస్రావాన్ని పెంచుతాయి, మూత్రపిండాలకీ మంచివి కావు. పసరు వాంతులు అవుతున్న బిడ్డకి నీరసం వస్తుందని అన్నం బలవంతంగా పెట్టకండి. ఆపరేషన్ అవసరం పడితే పొట్ట ఖాళీగా ఉండటమే మేలు. పిల్లల సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి. హైదరాబాదులో నిలోఫర్, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పిల్లల శస్త్రచికిత్స విభాగాలున్నాయి. దూరపు ఊళ్ళవాళ్ళు దగ్గరలోని ఆస్పత్రిలో సెలైన్ పెట్టించి, అక్కణ్ణుంచి 108 వాహనంలో బయల్దేరడం మంచిది. దారిలో బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోకుండా ఉంటుంది.

ఆపరేషన్ అయ్యాక పిల్లవాడి ముక్కులో సన్నటి గొట్టం, చేతికి సెలైన్ చూసి అమ్మమ్మలూ నాయనమ్మలూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆ గొట్టం పొట్టలోని పసరును బయటికి తీసి, పేగుకి విశ్రాంతినిస్తుంది. పేగు మళ్ళీ కదలడం మొదలుపెట్టి గాలి కిందికి పోయాక, ముందు నీళ్ళు, తర్వాత జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం. సాధారణంగా పిల్లలు పెద్దవాళ్ళకన్నా వేగంగా లేచి తిరుగుతారు.

ఇంటికి పంపారంటే జబ్బుతో పని పూర్తయినట్టు కాదు. సుమారు మూడోవంతు పిల్లల్లో మచ్చలు, నొప్పులు మళ్ళీ కనిపిస్తాయి. ఎక్కువమందికి మొదటి కొద్ది నెలల్లోనే, మొదటిసారి కన్నా తేలిగ్గా వస్తాయి. ఆపరేషన్ అయిన పిల్లవాడికి నెలల తర్వాతైనా పొట్ట ఉబ్బి వాంతులైతే, పేగు ఇరుకైందేమో చూడాలి. అన్నిటికన్నా తేలిగ్గా మరిచిపోయేది మూత్ర పరీక్ష. కడుపునొప్పి తగ్గింది, కుట్లు మానాయి, బడికి వెళుతున్నాడు, ఇక పరీక్షలెందుకులే అనిపిస్తుంది. మూత్రపిండాల జబ్బుకి నొప్పి ఉండదు. మూత్రంలో రక్తం, ప్రొటీన్ కంటికి కనిపించకుండానే పోతుంటాయి. అందుకే కనీసం ఆరు నెలలపాటు డాక్టరు చెప్పిన తేదీల్లో మూత్ర పరీక్ష, బీపీ పరీక్ష చేయించాలి. ఆపరేషన్ జరిగినా, జరగకపోయినా ఇది ఈ జబ్బు వచ్చిన ప్రతి బిడ్డకీ వర్తిస్తుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజే ఆ తేదీలన్నీ అడిగి, గోడమీది క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.